అద్దంలో చూసి నేర్చిన వేళ్లు

నాచారం,
7 సెప్టెంబర్ 2025

మామా,

ఉత్తరం చూసి భయపడకు. ఇంట్లో అందరం బాగున్నాం. అందరం అంటే అమ్మా, నేనూ. నీ మంచం మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం. అవి కూడా బాగున్నాయి.

నువ్వు ఫోన్ ఎత్తవు. పోయిన నెల అమ్మ ఉప్పల్ వచ్చి నువ్వు కాపలా ఉండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడింది. ఎబినేజర్ డ్యూటీలో లేడని లోపల గదిలోంచి ఎవరో చెబితే తిరిగి వచ్చేసింది. ఆ చెప్పింది నువ్వేనట, గొంతు మార్చి చెప్పావట. "నా తమ్ముని గొంతు నాకు తెల్వదా? వాడు పుట్టినప్పటిసంది వింటున్న" అని బస్సు దిగినప్పటి నుంచీ అదే మాట. నేను నమ్మలేదు. కొంచెం నమ్మాను.

మొన్న అమ్మ మోకాళ్ల నొప్పికి దవాఖానాకు వెళితే, ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ కింద నీ చెయ్యి పడ్డాక నీకు వ్యాయామం చేయించిన డాక్టరమ్మ కనిపించింది. పోయిన రెండు వేళ్ల పని మిగతా మూడూ నేర్చుకోవాలని, కుడి చేత్తోనే రోజూ ఒక పేజీ రాయమని నీకు చెప్పిందట. "ఏం రాస్తున్నాడు?" అని అడిగింది. మాకేం తెలుసు? అందుకే ఈ ఉత్తరం. ఎలాగూ రాయాలి కాబట్టి నాకు రాయి. నాచారం నుంచి ఉప్పల్ ఎంత దూరం, నడిచి కూడా వెళ్లొచ్చు. అయినా పోస్టులో వెళ్లి రావడంలో ఒక అందం ఉంది. కాలేజీలో తెలుగు చదువుతున్న దగ్గర నుంచి నాకు ఇలాంటి పిచ్చి పట్టింది. "ఉత్తరం" అని పైన రాసుకుంటేనే సంతోషంగా ఉంటోంది.

అసలు సంగతి. నువ్వు వెళ్లిపోయాక చర్చి పిల్లల రికార్డర్ పైపుల బృందాన్ని పాస్టరు దేవానందం అయ్యగారు నాకు అప్పజెప్పారు. "మీ మామ తర్వాత నువ్వే కదమ్మా" అన్నారు. నాకు ఊదడం అంతంతమాత్రమని నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు హాల్లో ఆ పాత సెలూన్ అద్దం ముందు పిల్లలకు వీపు పెట్టి నిలబడేవాడివి. వాళ్లు అద్దంలో నీ వేళ్లు చూసి వాయించేవాళ్లు. ఎదురుగా నిలబడి చూపిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయని నువ్వు కనిపెట్టిన పద్ధతి. అద్దంలో ఎలా కనిపిస్తే అలా పెట్టడం, అంతే. స్వరాలు చదవడం ఒక్కరికీ రాదు. నేను నిలబడితే అద్దంలో నా ముఖం చూసి నవ్వుతున్నారు. అందుకని అద్దం మీద దుప్పటి కప్పేశాను.

క్రిస్మస్‌కు వాళ్లు నీ తొట్టి పాట, పశువుల తొట్టిలో బాలయేసు మీద నువ్వు కట్టింది, వాయించాలి. ఆ వరస నువ్వు ఎక్కడా రాసిపెట్టలేదు. గుర్తున్నంత వరకు లాప్‌టాప్‌లో ఎక్కించాను. స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. అయిదు గీతల మీద స్వరం పెట్టాక దాని కింద వేళ్ల బొమ్మ కూడా అతికించవచ్చు. నిలువుగా చిన్న చిన్న సున్నాలు ఉంటాయి. మూయాల్సిన రంధ్రం నలుపు, తెరవాల్సింది తెలుపు. అద్దం లేకపోయినా కాగితం మీద వేళ్లుంటాయి.

చౌరస్తాలో బుచ్చిరాములు జిరాక్స్‌కు ఫైల్ తీసుకెళ్తే, ఆయన కంప్యూటర్‌లో ఆ బొమ్మల ఫాంట్ లేదు. సున్నాలకు బదులు ఇంగ్లిషు అక్షరాలూ గళ్లూ వచ్చాయి. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "గిదేం భాష బిడ్డా? మీ చర్చిల కొత్తగ వచ్చిందా?" అన్నాడు. రికార్డర్ పాట అన్నాను. "టేపు రికార్డరా? గవి ఇంకున్నయా?" కాదు, ఊదే పైపు అని చెప్పి, ఇంటికి వచ్చి పీడీఎఫ్ చేసి మళ్లీ వెళ్లాను. ఆ కాగితమే దీంతో పంపుతున్నాను. తప్పులు చెప్పు.

ఇంకో మాట, దాచుకోవడం ఎందుకు? క్రిస్మస్ లోపల నువ్వు ఒక్కసారి వచ్చి పిల్లలతో నిలబడాలి. నాకు కావలసింది అదే.

నీ బట్టలు అక్కడ ఎవరు ఇస్త్రీ చేస్తున్నారా అని ఆలోచిస్తూ,
రెబెక్కా

—

ఉప్పల్,
16 సెప్టెంబర్

కోడలా,

డాక్టరమ్మ పేజీ రాయమన్నది నిజమే. ఇన్ని దినాలు పేపర్ల వార్తలు చూసి రాసిన. బొటనవేలుకు చూపుడు వేలుకు నడుమ పెన్ను పట్టుకుంటున్న. కింద ఆనిచ్చెటానికి నడిమి వేలు లేదు గదా, జారుతుంది. జర ఓపికతోని చదువు.

మీ అమ్మకు చెప్పు, నేను గొంతు మార్చలే. ఆ దినం నాకు జలుబుండె.

కాగితం చూసిన. వరస మంచిగనే గుర్తు పెట్టుకున్నవు. రెండో లైను ఆఖరికి ఊపిరి తీసుకునుడుకు జాగా లేదు. నువ్వు కంప్యూటర్‌ల ఎక్కిస్తే అది ఊపిరి తీసుకోదు, ఎంతసేపైన వాయిస్తది. పిల్లలు గట్ల కాదు.

F స్వరం బొమ్మ తప్పు. ఎడమ చేతి మూడు, ఎనక బొటనవేలు, కుడి చూపుడు వేలు పెట్టినవు. గంతవరకు బరాబర్. మళ్ల ఒకటి ఇడిచి కింద రెండు గూడ నల్లగ పెట్టినవు. మన పైపులకు అవి వద్దు. మూస్తే సుతి దిగుతది. కుడి చేతిల చూపుడు వేలు ఒక్కటి చాలు. వేరే రకం పైపులు ఉంటయ్, నీ బొమ్మ వాటిదేమో. ఊకె గుర్తు మీద చెప్తలేను, రూఢి చేసుకునే చెప్తున్న.

నువ్వు రావద్దు. అక్కను గూడ రావద్దను. ఇక్కడ మంచిగనే ఉంది. గేటు తీసుడు, మోటర్ ఏసుడు, చెత్త బండి వస్తే అందరికి ఫోన్ కొట్టుడు. కుడి చెయ్యి జేబుల పెట్టుకుంటె ఎవ్వరికి ఏం తెల్వదు. పిల్లల ముంగట నిలబడుడు నాతోని కాదు. ఆ మాట మళ్ల రాయకు.

మూడో అంతస్తుల తారామణి మేడం, సెల్లార్‌ల పిల్లి కూన ఇరుక్కున్నదని కంప్లైంట్ ఇచ్చింది. సన్నగ అరుస్తుందట. సెక్రటరీ సారు నన్నే వెతకమన్నడు. టార్చి పట్టుకొని మోటర్ రూమంత తిరిగిన. దొరకలే.

పేజీ నిండింది.

ఎబినేజర్ మామ

—

నాచారం,
24 సెప్టెంబర్

మామా,

నీ ఉత్తరం అమ్మ రెండుసార్లు చదివించుకుంది. జలుబు సంగతి రాగానే "అబద్ధం" అంది, అయినా ఆ ముక్క మళ్లీ చదవమంది. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, చదవకుండా, అక్షరాల మీద వేలు ఆనించి కాసేపు కూర్చుంది. "పెన్నుకు రబ్బరు బ్యాండు చుట్టుకోమను. జారదు. రాయి, నేను జెప్పిన్నని రాయి." రాశాను.

F గురించి నువ్వు చెప్పింది నిజం. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు రెండు వరసలున్నాయి. పైది బరోక్ పద్ధతి, కిందది జర్మన్ పద్ధతి. పైన ఉన్నదే అసలుదనుకుని అదే అతికించాను. మన పిల్లల పైపు తిప్పి చూస్తే వెనక బొటనవేలి రంధ్రం దగ్గర చిన్న G అక్షరం ఉంది. జర్మన్ పద్ధతి అని గుర్తట. చిన్నప్పటి నుంచి పట్టుకుంటున్నాను, ఒక్కనాడూ చూడలేదు. పాటలో ఉన్న ప్రతి F కింద బొమ్మ చెరిపి కొత్తది పెట్టాను. ఊపిరికి స్వరాల పైన కామా లాంటి గుర్తు ఉంటుంది. పిల్లలకు దాని పేరు "ఊపిరి జాగా" అని చెప్పాను. నీ మాటే. ఇప్పుడు ఆ కామా రాగానే అందరూ ఈతకు దూకేవాళ్లలా గాలి పీలుస్తున్నారు.

మాటల గురించి ఇంకొకటి. కాగితం కింద "నల్ల సున్నా అంటే మూసిన రంధ్రం" అని రాశాను. పిల్లల్లో చిన్నవాడు హెన్రీకి "రంధ్రం" నోరు తిరగలేదు. "బెజ్జం" అన్నాను, అది సూదికి ఉండేది అన్నాడు. "తూటు" అంటే సరేనన్నాడు. ఒక్క ఖాళీకి ఎన్ని పేర్లో చూడు. ఖాళీ అనుకుంటాం గాని పాటంతా అక్కడి నుంచే కదా వస్తోంది.

కానీ పిల్లలతో ఒక ఇబ్బంది వచ్చింది. వాళ్లకు E రావడం లేదు. E అంటే కుడి చూపుడు వేలు, నడిమి వేలు రెండూ మూయాలి. బొమ్మలో స్పష్టంగా రెండు నల్ల సున్నాలు పెట్టాను. అయినా అందరూ కుడి చేతి నడిమి వేలు, ఉంగరం వేలు అరచేతిలోకి మడుచుకుని ఊదుతున్నారు. E రావాల్సిన చోట F వస్తోంది. వేళ్లు చాపమంటే చాపుతారు, పాట మొదలు కాగానే మళ్లీ మడుస్తారు. ఒకళ్లు కాదు, అందరూ. ఇంత మొండి పిల్లల్ని నేను చూడలేదు. ఏం చెయ్యాలో చెప్పు.

పిల్లి ఏ రంగో రాయలేదు. ఎండు చేప తలకాయ పెడితే ఎక్కడున్నా వస్తుందట, అమ్మ చెప్పమంది.

నీ జవాబు కోసం పోస్టుమాన్ ముఖం చదవడం కూడా నేర్చుకున్న,
రెబెక్కా

—

ఉప్పల్,
5 అక్టోబర్

రెబెక్కా,

ఇంకా గట్లనే చేస్తున్నరా వాళ్లు.

నువ్వు తెల్వక రాసినవు. నీ మీద నాకు కోపం లేదు. నేనెందుకు ఇల్లు ఇడిచి వచ్చిన్నో మీ అమ్మకు చెప్పలే, నీకు చెప్పలే. ఇప్పుడు చెప్త.

కట్టు ఇప్పినంక మొదటి ఆదివారం. నువ్వు పరీక్షలని రాలే. చెయ్యి దాచుకోవద్దు, పిల్లలు చూస్తే చూడని అనుకున్న. చర్చి కాంగనె హాల్లకు పోయి అద్దం ముంగట నిలబడ్డ. పైపు ఎత్తిన. ఉన్న వేళ్లతోని ఎట్లనో ఊదుదామని. అద్దంల నా ఎనక పిల్లలందరు కనబడ్డరు. అందరు కుడి చేతి నడిమి వేళ్లు రెండు మడిచిన్రు. నా చెయ్యి ఎట్లుందో అచ్చం గట్లనే. ఒక్కరు గూడ నవ్వలే. నవ్వి ఉంటె పిల్లలే గదా అని తిట్టి ఊకుందు. అందరు ముందె అనుకొని వచ్చినట్టు ఒక్కసారె మడిచిన్రు. నేను నేర్పిన పిల్లలు. హెన్రీకి ముక్కు తుడిచి నేర్పిన.

పైపు సంచిల పెట్టుకొని ఇంటికొచ్చిన. ఆ వారమే ఈడ పని చూసుకున్న.

వాళ్లకు పాట చెప్పకు. ముందుగాల మర్యాద చెప్పు.

రబ్బరు బ్యాండు చుట్టుకున్న. అక్కకు చెప్పు.

పిల్లి దొరకలే. ఇప్పుడు కూత గూడ బంద్ అయింది. తారామణి మేడం, ఏడికన్న పోయిందా, సచ్చిపోయిందా అని అడిగింది. తెల్వదన్న.

ఎబినేజర్

—

నాచారం,
13 అక్టోబర్

మామా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. రబ్బరు బ్యాండు చుట్టుకున్నావని మాత్రం చెప్పాను. "నేను జెప్పలేదా" అని రోజంతా సంతోషంగా తిరిగింది.

నిన్న ఆదివారం హాల్లో పిల్లలందరి మీదా అరవాలనే వెళ్లాను. దారి పొడవునా మంచి మంచి మాటలు సిద్ధం చేసుకున్నాను. "కృతఘ్నత" అనే మాట కూడా ఉంది వాటిలో. తీరా పైపులు పట్టుకుని ఎదురుచూస్తున్న వాళ్లను చూశాక అరవలేదు. మొదట హెన్రీని పక్కకు పిలిచాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఒక్క మాట కూడా నేను దిద్దలేదు.

"ఆ వేళ్లు ఎందుకు మడుస్తున్నావురా?"

"మామ మడిచిండు గదా."

"మామను వెక్కిరిస్తున్నావా?"

వాడికి అర్థం కాలేదు. నా ముఖం చూశాడు, పైపు చూశాడు. "ఎక్కిరిచ్చుడేంది? అద్దంల నా వేళ్లు ఎట్లుంటె గట్లనే పెట్టుండ్రి, సొంత తెలివి వద్దు అన్నడు మామ. గట్లనే పెట్టినం."

"కానీ మామకు ఆ వేళ్లు లేవు. నీకు తెలుసు కదా?"

"తెలుసు. ఫ్యాక్టరీల పోయినయ్."

"మరి?"

"మరేంది? లేకుంటె గిట్ల ఊదాలెనేమో, కొత్త పద్ధతేమో అనుకున్నం. మామ మొత్తం చూపియ్యకముందె ఎల్లిపోయిండు."

"మరి నేను బొమ్మలో వేళ్లు చాపమని పెట్టాను కదా?"

"బొమ్మ నువ్వు పెట్టినవక్కా. మామ ఆఖరికి చూపిచ్చింది గిది." అని ఆ రెండు వేళ్లూ మడిచి చూపించాడు. అంత జాగ్రత్తగా మడిచాడు మామా, పరీక్షలో జవాబు చూపించేవాడిలా. మిగతా పిల్లల్ని ఒక్కొక్కరినే అడిగాను. అందరిదీ అదే మాట. ఎవరూ ఎవరితోనూ ముందు అనుకోలేదు. అద్దంలో నువ్వు ఎలా పట్టుకుంటే అలా పట్టుకున్నారు. నువ్వు నేర్పిన పాఠం వాళ్లు తప్పకుండా పాటించిన రోజునే నువ్వు వాళ్లను వదిలి వెళ్లిపోయావు.

కాగితం ఎంత స్పష్టంగా ఉన్నా వాళ్లు నా బొమ్మలు నమ్మడం లేదు. కొత్త పద్ధతి మిగతాది ఎప్పుడు చెబుతావని అడుగుతున్నారు. నేనేం చెప్పను?

దుప్పటి కప్పిన అద్దం పక్కన కూర్చుని,
రెబెక్కా

—

నాచారం,
9 నవంబర్

మామా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. పోస్టుమాన్ ఇప్పుడు నన్ను చూసి దూరం నుంచే చెయ్యి ఊపుతాడు, లేదని. పాపం, ఆయన తప్పేం లేదు.

నేనొక పని చేశాను. చెబితే తిడతావు. పోయిన బుధవారం కాలేజీ నుంచి తార్నాకలో బస్సెక్కి, నాచారం వైపు తిరగకుండా తిన్నగా ఉప్పల్ వచ్చాను. నువ్వు రావద్దన్నావు కాబట్టి నీ దగ్గరికి రాలేదు. నీ గేటుకు ఎదురుగా, రోడ్డు ఇవతల కొబ్బరి బోండాల బండి ఉంది కదా, దాని వెనక నిలబడ్డాను. ఒక కారు వచ్చింది. ఎడమ చేత్తో గేటు తోశావు. కుడి చెయ్యి జేబులోనే ఉంది. కారు లోపలికి పోయాక కుర్చీలో కూర్చున్నావు. ఎవరూ నీతో మాట్లాడలేదు. నువ్వూ ఎవరినీ పలకరించలేదు. సన్నబడ్డావు మామా. చొక్కా కాలరు నలిగి ఉంది.

అప్పుడు నీ ఎడమ చెయ్యి మోకాలి మీద కదిలింది. ఒక వేలు. తర్వాత రెండు. తర్వాత మూడూ. మళ్లీ ఒకటి. ఈ రెండు నెలలుగా స్వరాల కింద బొమ్మలు అతికించీ అతికించీ, ఎవరి వేళ్లు కదిలినా నాకు నల్ల సున్నాలే కనిపిస్తున్నాయి. బస్సులో కడ్డీ పట్టుకున్న వాళ్ల చేతుల్లో కూడా. అందుకే తెలిసిపోయింది. B. A. G. మళ్లీ B. తొట్టి పాట మొదటి లైను. నువ్వు మోకాలి మీద పాట వాయిస్తున్నావు. కింది స్వరాల దగ్గరికి వచ్చేసరికి మూడు వేళ్లూ మోకాలి మీద ఆగిపోయాయి. కుడి చెయ్యి జేబులోంచి రాలేదు. ఆ లైను అంతా అలాగే ఆగి ఉన్నావు, లోపల వాయించుకుంటున్నావో లేదో. పై స్వరాలు రాగానే మళ్లీ కదిలాయి.

ఊపిరి జాగా ఉన్న చోట నిజంగా ఊపిరి తీసుకున్నావు. ఛాతీ లేవడం రోడ్డు ఇవతలికి కనిపించింది.

రోడ్డు దాటుదామనుకున్నాను. దాటలేదు. బండి అతను "బోండం కొట్టాల్నా, అక్కా?" అని మూడోసారి అడిగితే ఒకటి తాగి వచ్చేశాను. ఇంట్లో అమ్మ ఎందుకు ఆలస్యమైందంటే లైబ్రరీ అన్నాను. ఆ రాత్రి నీ మంచం మీది బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను.

దీంతో ఒక కాగితం ఉంది. తొట్టి పాటకు రెండో గొంతు రాశాను. పిల్లలు వాయించే వరసకు పక్కనే, వేరే దారిలో నడుస్తుంది. ఇందులో G, A, B, C, D తప్ప ఇంకేమీ లేవు. అయిదూ ఎడమ చేతివే. కింద కుడి చేతి సున్నాలన్నీ తెలుపు. సాఫ్ట్‌వేర్‌లో రెండో గొంతుకు పేరు రాయాలి. ఆ గడిలో "మామ" అని కొట్టాను.

క్రిస్మస్ దగ్గరికి వస్తోంది, ఇప్పుడు శనివారాలు కూడా నాలుగింటికి పిల్లల్ని హాల్‌కు రమ్మంటున్నాను. నువ్వు రాకపోతే ఈ గొంతు వాయించడానికి ఇంకెవరూ లేరు. వేరే వాళ్లకు ఇవ్వను. ఖాళీగానే ఉంచుతాను.

నీ నుంచి ఒక్క లైను వచ్చినా చాలనుకుంటున్న,
రెబెక్కా

—

ఉప్పల్,
27 నవంబర్

కోడలా,

కొబ్బరి బోండాల సమ్మయ్య ఆ దినమే చెప్పిండు, కాలేజీ పిల్ల ఒకతి నీ దిక్కే చూసుకుంట నిలబడి పోయింది, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నదని. ఎవరో అనుకున్న. నీ ఉత్తరం వచ్చినంక ఎరికైంది. ఇంకోపాలి వస్తే రోడ్డు దాటు.

జవాబు రాయలే. హెన్రీ మాట చదివిన దినం సెల్లార్‌ల కూసున్న. కొత్త పద్ధతేమో అనుకున్నరట. మొదలు నవ్వొచ్చింది. నవ్వుకుంట నవ్వుకుంటనే అది వేరే తీరైంది. మోటర్ ఏసి ఉండె, చప్పుడుకు ఎవ్వరికి ఇనబడలే. పసిపిల్లల మీద ఇన్ని నెలలు మనసుల పెట్టుకొని తిరిగిన. ఉత్తరం రాద్దామంటె, ఏమని రాయాలె? పేపర్ వార్తలు రాస్కుంట కూసున్న మళ్ల.

నీ రెండో కాగితం చూసి కోపమొచ్చింది, అబద్ధమెందుకు. కింద మొత్తం తెల్ల సున్నాలు. నా కుడి చెయ్యి లేనేలేదన్నట్టు. మడిచి దిండు కింద పెట్టిన. రెండు దినాలైనంక తీసిన.

నీకొక సంగతి చెప్పాలె. సెల్లార్‌ల పిల్లి నేనే. నీ మొదటి కాగితంల F సరి చూద్దామని పైపు తీసిన. అప్పటిసంది రోజు మోటర్ రూంల ఊదుతుంటి. నన్నే నేను టార్చి పట్టుకొని వెతికిన. నీ రెండో ఉత్తరం చదివినంక ఇడిచిపెట్టిన. ఇప్పుడు మళ్ల మొదలైంది. తారామణి మేడం నిన్న లిఫ్టు కాడ ఆపి, "ఎబినేజర్, పిల్లి బతికే ఉంది, ఇంటున్నవా? ఈసారి జర రాగం తీస్తుంది" అన్నది. ఇంటున్న మేడం అన్న. పట్టుకోకు పాపం, ఉండనీ అన్నది.

నువ్వు రాసిన గొంతు మంచిగుంది. ఎడమ చేతిలనె నడుస్తది, పిల్లల పాటకు అడ్డం రాదు. ఊపిరి జాగాలు గూడ సరిగ్గ పెట్టినవు. ఇప్పుడు అవి చూస్తె నువ్వే ఊదినట్టుంది, కంప్యూటర్ లెక్క లేదు.

డిసెంబర్ ఆరు, శనివారం డ్యూటీ మార్పిచ్చుకున్న. పిల్లలు నాలుగింటికి వస్తరు గదా, నేను మూడింటికే వస్త. ఆ గంట హాల్ల ఎవ్వరు ఉండద్దు. నువ్వు గూడ. తాళం చెవి కిటికీల పెట్టు. అద్దం మీద దుప్పటి తియ్యకు, నేనే తీసుకుంట. పిల్లలు వచ్చినంక నిలబడగలుగుతనో లేదో ఇప్పుడే చెప్పలేను. ముందుగాల నేనొక్కన్నే చూసుకోవాలె. అక్కకు చెప్పకు, దేవానందం అయ్యగారికి చెప్పకు. చెప్తె చాయ్ బిస్కిట్లు తెస్తరు.

కాగితం మాత్రం ఒక్క తాన మార్చు. మూడో లైను ఆఖర్ల G మీద ఆగినవు. నాకు ఇబ్బంది అయితదని ఆపినవు, నాకు ఎరికే. అక్కడ ఆగొద్దు. కిందికి దిగి F పెట్టు. నా కుడి చేతి చూపుడు వేలు ఊకెనే ఉంది.

ఎనక బొటనవేలు నలుపు. పై మూడు నలుపు. కుడి చేతిల ఒక్కటి నలుపు.

ఎబినేజర్ మామ